వ్యాయామానికీ ఒక సెలవు రోజు కావాలి



ఈ పత్రికలో మేము ఎన్నోసార్లు "నడవండి, ఒళ్లు వంచండి, లిఫ్టు మాని మెట్లెక్కండి" అని రాశాము. షుగరు, బీపీ, అధిక బరువు, గుండె జబ్బు, దిగులు, వీటన్నింటికీ వ్యాయామం మంచి మందు. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. మనలో చాలామందికి ఇంకా వ్యాయామం చాలడం లేదన్నదే నిజం. కాని ఏ మందుకైనా మోతాదు ఉంటుంది. రోజుకు ఒక మాత్ర వేసుకోమంటే నాలుగు వేసుకునేవారు ఉన్నట్టే, వ్యాయామంలోనూ మోతాదు మించిపోయేవారు ఉన్నారు. వారిలో యువకులు ఎక్కువ. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు.

డికాషన్ రంగు మూత్రం

ఒక సాయంత్రం 19 ఏళ్ల అబ్బాయిని వాళ్ల అమ్మ ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకువచ్చింది. చూడటానికి దిట్టంగా ఉన్నాడు. కాని ఆటో దిగి రెండు అడుగులు వేయలేకపోయాడు. తొడలు రెండూ వాచి, రాయిలా గట్టిపడి ఉన్నాయి.

పరీక్షల వల్ల నెల రోజులు జిమ్ము మానేశాడట. మళ్లీ చేరిన మొదటి రోజే స్నేహితులతో పందెం వేసుకుని వందల కొద్దీ గుంజీలు తీశాడు. మరునాడు నొప్పిగా ఉంటే మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకుని, మళ్లీ జిమ్ముకు వెళ్లాడు. మూడో రోజు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. సిగ్గుపడి ఆ మాట ఇంట్లో చెప్పలేదు. వాంతులు మొదలయ్యాక తల్లికి చెప్పాడు.

డాక్టరుగారు వెంటనే సీపీకే, క్రియాటినిన్ రక్తపరీక్షలు రాసి, సెలైను పెట్టించారు. శక్తికి మించి శ్రమ పెట్టినప్పుడు కండరాల కణాలు పగిలి, వాటిలోని ఒక ఎర్రని పదార్థం రక్తంలోకి చేరుతుంది. దానిని వడగట్టే పని కిడ్నీల మీద పడుతుంది. మూత్రం ముదురు రంగులోకి మారడం అందుకే. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ వరకు వెళ్లవచ్చు. పైగా కొన్ని రకాల నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు, కిడ్నీలకు ఇంకా చేటు చేస్తాయి.

తల్లి వరండాలో కూర్చుని ఒకటే ఏడుపు. "పాడలవాట్లు లెవ్వు, జిమ్ముకే పోతుండు గదా అని సంతోషపడ్డ సిస్టరమ్మా. గిట్లయితదని నాకేం తెలుసు?" అంది. అబ్బాయి కోలుకున్నాడు. ఐదు రోజులు మంచం మీద ఉన్నాడు. మూడో రోజు, సెలైను సీసా ఇంకా వేలాడుతుండగానే, నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సిస్టర్, ఎల్లుండి జిమ్ముకు పోవచ్చా?"

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. మంచం మీద పడ్డా విశ్రాంతి అంటే భయం! రెండు రోజులు మానితే చేసిందంతా పోతుందని భయం. ఆ భయం తప్పని చెప్పాలి.

బలం ఎప్పుడు పెరుగుతుంది?

వ్యాయామం చేస్తున్నప్పుడు బలం పెరగదు. ఆ సమయంలో కండరాలలో సన్నని చిరుగులు పడతాయి, నిల్వ ఉన్న శక్తి ఖర్చవుతుంది. తరువాత మనం తిని, నిద్రపోయినప్పుడు శరీరం ఆ చిరుగులను కుట్టుకుంటుంది, మునుపటికంటే కాస్త గట్టిగా కుట్టుకుంటుంది. బలం అంటే అదే. ఖర్చయిన శక్తి మళ్లీ నిండటానికే బాగా తిన్నా ఒక రోజు పడుతుంది.

ఎముకలూ అంతే. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలగించుకుని, తరువాత కొత్త భాగాన్ని కట్టుకుంటుంది. ఇల్లు మరమ్మతు చేసేటప్పుడు పాత గోడ తీసిన తరువాత కొత్త గోడ లేచేదాకా ఇల్లు బలహీనంగా ఉన్నట్టే, ఆ కొద్ది వారాలు ఎముక బలహీనంగా ఉంటుంది. ఆ సమయంలోనే ఇంకా ఇంకా పరిగెత్తితే సన్నని చీలిక వస్తుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

మన హైదరాబాదు క్రీడాకారిణులే సాక్ష్యం

ఇది బలహీనులకు వచ్చే సమస్య కాదు. మన పి.వి. సింధునే చూడండి. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో కెనడాకు చెందిన మిషెల్ లీని ఓడించి స్వర్ణపతకం గెలిచింది. ఫైనల్ నాటికే ఎడమ కాలిలో నొప్పి ఉంది. హైదరాబాదుకు తిరిగి వచ్చాక ఎంఆర్ఐ తీస్తే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆ నెలలోనే టోక్యోలో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు. 2019లో తాను గెలిచిన పోటీ అది. అయినా తప్పుకుంది. సుమారు ఐదు నెలలు ఆగి 2023 జనవరిలో మలేషియా ఓపెన్‌తో మళ్లీ కోర్టులో దిగింది. మొదటి రౌండులోనే ఓడిపోయింది. పాత ఆట రావడానికి ఇంకా సమయం పట్టింది. విశ్రాంతి తరువాత మొదటి రోజే పాత బలం రాదు అన్నది కూడా ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం.

సానియా మీర్జాకు 2008లో మణికట్టు గాయం. బీజింగ్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ మొదటి మ్యాచ్ మధ్యలోనే ఆగిపోవలసి వచ్చింది. ఆ తరువాత కొన్ని నెలలు ఆటకు దూరంగా ఉంది. 2009లో మహేష్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. కోచ్‌లు, ఫిజియోథెరపిస్టులు వెంట ఉండే వారికే ఆగక తప్పలేదు. సిమెంటు రోడ్డు మీద పాత బూట్లతో పరిగెత్తే మన పిల్లలకు విశ్రాంతి అక్కరలేదా?

హెచ్చరిక గుర్తులు

కొత్తగా వ్యాయామం చేసిన మరునాడు ఒళ్లంతా పట్టేసినట్టు ఉండటం మామూలే. అది ఒకటి నుండి మూడు రోజులలో దానంతట అదే తగ్గుతుంది. ఈ కింది గుర్తులు మాత్రం వేరు. వీటిలో రెండు మూడు కలిసి వారం పది రోజులుగా ఉంటే వ్యాయామం శక్తికి మించిందని అనుమానించాలి.

1. అంతే వ్యాయామం, కాని ముందు కంటే కష్టంగా అనిపిస్తుంది. పరుగు వేగం, ఎత్తే బరువు పెరగకపోగా తగ్గుతాయి.
2. రాత్రి నిద్ర పట్టదు. పట్టినా తెల్లవారి లేవగానే అలసటే.
3. ఊరికే చిరాకు, కోపం, ఏడుపు. చదువు మీద, పని మీద మనసు నిలవదు.
4. ఆకలి మందగిస్తుంది, బరువు తగ్గిపోతుంది.
5. జలుబు, గొంతు నొప్పి మాటిమాటికీ వస్తాయి.
6. కాళ్లు రోజంతా బరువుగా ఉంటాయి. చిన్న నొప్పులు మానవు.
7. ఆడపిల్లలకు నెలసరి క్రమం తప్పుతుంది. మూడు నెలలు రాకపోతే తప్పనిసరిగా లేడీ డాక్టరుకు చూపించాలి. పెళ్లి చూపుల కోసమని తిండి మాని, రెండు పూటలా జుంబా చేసే అమ్మాయిలలో ఇది జరగవచ్చు. ఎముకలు కూడా పలుచబడతాయి.
8. ఒక్క రోజు మానినా ఏదో తప్పు చేసినట్టు బాధ.

ఒక ముఖ్యమైన మాట. అలసట ఉంటే అంతా వ్యాయామం వల్లనే అనుకోకండి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, మానసిక కుంగుబాటు కూడా ఇలాగే కనిపిస్తాయి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు విశ్రాంతి తీసుకున్నా అలసట తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ఇంట్లోనే నాడి చూసుకోవడం

మా నర్సింగ్ విద్యార్థినులకు మొదటి సంవత్సరం నేర్పే పని ఇది. మీరూ నేర్చుకోవచ్చు, ఖర్చు లేదు.

ఉదయం మెలకువ రాగానే, మంచం దిగకముందే, టీ తాగకముందే చూడాలి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దానిలోనే నాడి కొట్టుకుంటుంది. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టి క్యాలెండరులో ఆ తేదీ పక్కన రాయండి. వారం రోజులు రాస్తే మీ మామూలు లెక్క తెలుస్తుంది. తరువాత ఎప్పుడైనా వరుసగా మూడు నాలుగు రోజులు ఆ లెక్క కంటే 7 నుండి 10 ఎక్కువ వస్తే, పైన చెప్పిన గుర్తులు కూడా ఉంటే, ఆ వారం విశ్రాంతి తీసుకోండి. నాడి ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. జ్వరం వచ్చే ముందు, నిద్ర చాలనప్పుడు, దిగులుగా ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. నాడి వేగాన్ని తగ్గించే బీపీ, గుండె మాత్రలు వాడేవారికి ఈ లెక్క సరిగా పనికిరాదు.

ఎముక నొప్పిని ఇలా గుర్తించండి

కండరాల నొప్పి వెడల్పుగా, రెండు కాళ్లలోనూ ఉంటుంది. కాస్త నడిస్తే సర్దుకుంటుంది. ఎముకలో చీలిక నొప్పి ఒకే చోట, వేలితో చూపించగలిగేలా ఉంటుంది. మొదట పరుగు చివర వస్తుంది. తరువాత పరుగు మొదట్లోనే వస్తుంది. ఆ తరువాత నడకలో, చివరికి రాత్రి పడుకున్నా వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది గదా" అని మళ్లీ పరిగెత్తకండి. నొప్పి తగ్గకపోతే మళ్లీ రండి.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. సైన్యంలో అగ్నివీరులకు కూడా 1.6 కిలోమీటర్ల పరుగు ఉంది. ఏడాది పొడుగునా కదలని పిల్లలు నోటిఫికేషన్ రాగానే రెండు పూటలా పరుగు మొదలుపెడతారు. రెండు నెలలకు కాలిపిక్క ముందు ఎముక పట్టుకుని వస్తారు. ఒక్క నెల ముందుగా మొదలుపెట్టి, వారానికి రెండు రోజులు ఆగి ఉంటే ఉద్యోగం చేజారేది కాదు కదా!

నడిచేవారికి కూడా

నా సంగతే చెబుతాను. యాభై దాటాక రక్తపరీక్షలో షుగరు గీత మీద ఉందన్నారు. మరునాటి నుండి డ్యూటీకి ముందు గంట, డ్యూటీ తరువాత గంట నడక పెట్టుకున్నాను. మూడు వారాలకు ఎడమ మడమలో నొప్పి, ఉదయం మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు. రోగులకు రోజూ చెప్పేదాన్ని, నేను మాత్రం ఆగలేదు. ఆరు నెలలు కుంటుతూ రౌండ్లకు తిరిగాను. మొదటి వారంలో ఐదు రోజులు ఆగి ఉంటే సరిపోయేది.

ఎంత నడిస్తే చాలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, వారానికి రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చాలు. అంటే రోజుకు 30 నిమిషాల చురుకైన నడక, వారానికి ఐదు రోజులు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా నడక రెట్టింపు చేస్తే షుగరు పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. నడక తరువాత రోజూ అరికాళ్లు చూసుకోండి. స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు.

విశ్రాంతి ఎలా తీసుకోవాలి?

విశ్రాంతి అంటే రోజంతా టీవీ ముందు పడుకోవడం కాదు. ఇంటి పని, కూరగాయలకు వెళ్లి రావడం, పిల్లలతో ఆడుకోవడం చేయవచ్చు. ఆయాసం వచ్చే పని మాత్రం వద్దు.

- వారానికి కనీసం ఒక రోజు పూర్తి విరామం. జిమ్ము, పరుగు చేసేవారికి రెండు రోజులు మంచిది.
- కష్టమైన రోజు పక్కన తేలిక రోజు. సోమవారం కాళ్లకు బరువులు ఎత్తితే మంగళవారం చేతులకో, తేలిక నడకకో కేటాయించండి.
- మూడు వారాలు పెంచుతూ పోతే నాలుగో వారం సగానికి తగ్గించండి.
- గత వారం కంటే పదో వంతుకు మించి పెంచవద్దని కోచ్‌లు సాధారణంగా చెబుతారు. కొత్తవారికి మంచి లెక్క.
- నిద్ర పెద్దలకు 7 నుండి 9 గంటలు, 13 నుండి 18 ఏళ్ల పిల్లలకు 8 నుండి 10 గంటలు. రాత్రి ఒంటిగంట దాకా సెల్‌ఫోన్ చూసి, ఐదింటికి జిమ్ముకు వెళ్లడం ఆరోగ్యం కాదు.
- కడుపునిండా తినండి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, పండు చాలు. అలసటను అణచడానికి ఎనర్జీ పొడులు, నొప్పి మాత్రలు వాడవద్దు.
- జ్వరం ఉన్నప్పుడు వ్యాయామం పూర్తిగా మానాలి. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరానికి కూడా సోకుతాయి. డెంగీ, చికున్‌గున్యా తరువాత నీరసం పూర్తిగా తగ్గేదాకా ఆగండి.
- ఎండాకాలంలో ఎండ ఎక్కకముందే ముగించండి.
- రంజాన్ రోజాలలో, మన శ్రమదినాల ఉపవాసాలలో బరువులు, పరుగు పగలు పెట్టుకోవద్దు. ఇఫ్తార్ అయ్యాక, ఉపవాసం విడిచాక నీరు బాగా తాగి, గంటా రెండు గంటలు ఆగి తేలికగా చేయండి. షుగరు రోగులు ముందే డాక్టరును అడగాలి.

పిల్లలను క్రికెట్, బ్యాడ్మింటన్ కోచింగులకు పంపే తల్లిదండ్రులకు ఒక సులువైన లెక్క ఉంది. పిల్లవాడి వయసు ఎన్నేళ్లో, వారానికి అన్ని గంటలకు మించి కోచింగు వద్దు. పదేళ్ల పిల్లవాడికి పది గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు సెలవు ఇవ్వండి.

మానితే పోతుందా?

పోదు. వారం రోజులు ఆగితే బలంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. దమ్ము తగ్గడానికి కూడా సుమారు రెండు వారాలు పడుతుంది. తగ్గినా, మళ్లీ మొదలుపెడితే మొదటిసారి కంటే త్వరగా వస్తుంది. మొదట్లోనే గుర్తించి ఆగితే కొద్ది రోజుల నుండి రెండు వారాలలో సర్దుకుంటుంది. మొండిగా సాగదీస్తే నెలలు పడుతుంది. మీరే లెక్క వేసుకోండి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు వారం ఆగినవారు సగంతో మొదలుపెట్టండి. నెల ఆగినవారు కొత్తగా చేరినట్టే భావించండి. మా 19 ఏళ్ల అబ్బాయి చేసిన తప్పు ఇక్కడే.

వెంటనే ఆసుపత్రికి రావలసినవి

- మూత్రం డికాషన్ రంగులో రావడం, మూత్రం తగ్గిపోవడం
- కండరాలు వాచి గట్టిపడటం, కాలు చేయి కదపలేకపోవడం
- వ్యాయామంలో ఛాతీనొప్పి, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, అంతులేని ఆయాసం, గుండెదడ, స్పృహ తప్పడం
- ఎండలో శ్రమ తరువాత ఒళ్లు కాలిపోతూ మాట తడబడటం

ఇవి విశ్రాంతితో చూద్దామనుకునేవి కావు. 108కి ఫోన్ చేయండి.

చివరగా

ఆరు దినాలు పని, ఏడవ దినం విశ్రాంతి అన్న క్రమం మన సంఘ కుటుంబాలకు కొత్త కాదు. ఏలీయా ప్రవక్త అలసి చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. ఆ తరువాతే దూర ప్రయాణం. విశ్రాంతి సోమరితనం కాదు, ముందున్న ప్రయాణానికి సిద్ధపాటు.

ఆ అబ్బాయి ఆరు వారాల తరువాత పరీక్షకు వచ్చాడు. క్రియాటినిన్ మామూలుగా ఉంది. డాక్టరుగారు తేలికగా మొదలుపెట్టమన్నారు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు జిమ్ముకు వెళుతున్నాడట. "శుక్రవారం మాత్రం ఇంట్లనే ఉంటడు సిస్టరమ్మా, అందరం కూసొని తింటున్నం" అని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది.

మీ సెలవు రోజు శుక్రవారమైనా, ఆదివారమైనా సరే. ఇప్పుడే క్యాలెండరు తీసి దాని చుట్టూ ఒక గుండ్రం గీయండి.

నర్సింగ్ సూపరింటెండెంట్